రెండు సెంటీమీటర్లు

నవంబరు 3, సోమవారం

ఈ పుస్తకం ఆఫీసులో కొలతలు రాసుకోమని ఇచ్చింది. సగం కూడా వాడకుండానే రిటైరయ్యాను. ఖాళీ కాగితాలు పారేయబుద్ధి కాక ఇందులో రాస్తున్నాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఎలా రాసినా ఒకటే. అయినా మార్జిను గీసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు మ్యాపులు గీసిన చెయ్యి ఊరుకోదు.

సాయంత్రం మా చిత్రకళా సంఘం మీటింగు. ఏటా పెట్టే పోటీ ప్రదర్శనకి పనులు పంచుకున్నాం. మా సెక్రటరీ రిటైరైన హెడ్ నర్సు. ఇప్పటికీ అందరితో సూది పొడవబోతున్నట్టే మాట్లాడుతుంది. చీటీలు, రిజిస్టరు స్కూలు టీచరమ్మకి. కొలవడం, గోడకి తగిలించడం నాకు. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు, రాసేసుకున్నారు. వెనకాల నన్ను 'టేపు' అంటారని తెలుసు. నాకు బొమ్మలు వేయడం రాదు. సంఘంలో చేరింది మా ఆవిడ. తనని దింపడానికి వచ్చి, గోడ మీద వంకరగా ఉన్న బొమ్మ ఒకటి చూడలేక సరిచేశాను. ఆరేళ్ళయింది, అలా ఉండిపోయాను.

"వదినగారు ఈసారి బొమ్మ పంపుతున్నారా అన్నయ్యా?" అని టీచరు అడిగింది. వాళ్ళ అక్కకి మోకాలి ఆపరేషనయింది కదా, సాయానికి వెళ్ళింది, బొమ్మలు వేసే తీరిక ఎక్కడ ఉంటుంది అన్నాను. జూలైలో వెళ్ళింది. మోకాలు కదా, టైము పడుతుంది.

నవంబరు 5, బుధవారం

లైబ్రరీ మేడ మీద హాలు తాళాలు చేతికొచ్చాయి. పెద్ద గోడ పన్నెండు మీటర్ల నలభై. ఎదురు గోడ తొమ్మిది మీటర్ల పది. పోయిన ఏడాదీ ఇంతే. గోడలు పెరగవని తెలుసు, కొలిస్తే గానీ మనసొప్పదు.

స్టోరు గదిలో బొమ్మల్ని నిలువుగా దోపుకునే చెక్క అర ఉంది. దాని ఎత్తు సరిగ్గా తొంభై. 'ఫ్రేముతో కలిపి ఏ వైపూ తొంభై సెంటీమీటర్లు దాటరాదు' అని పోటీ నియమాల్లో ఉన్నది అందుకే. కళ గురించి ఎవరో పెద్దలు ఆలోచించి పెట్టిన నియమం అనుకుంటారు జనం. ఆ అరలో పట్టాలి, అంతే. రాయించింది నేనే.

నవంబరు 6, గురువారం

ఇల్లు ఊడ్చాను. సోఫా పైన గోడ బోసిగా ఉంది.

జూన్ ఆఖర్లో మా ఆవిడ తను వేసిన కూజా బొమ్మ అక్కడ తగిలించుకుంది. కంటితో అంచనా వేసి తనే మేకు కొట్టింది. నేను బజారు నుంచి వచ్చేసరికి వెనక్కి నడిచి నడిచి చూసుకుంటోంది. నాలుగు సెంటీమీటర్లు ఎడమకీ ఒకటిన్నర కిందికీ ఉంది. నేను ఒక్క మాట కూడా అనలేదు. స్టూలు తెచ్చుకున్నాను, దించాను, కొలిచాను, నడిమధ్యన కొత్త మేకు కొట్టి తగిలించాను. తన మేకు పీకి రంధ్రం పుట్టీతో పూడ్చి పైన రంగు కూడా వేశాను. ఎక్కడుండేదో ఎవరూ కనిపెట్టలేరు. తను చూస్తూ నిలబడింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

తరవాత వారం అక్క దగ్గరికి వెళ్ళింది. కూజా బొమ్మ పట్టుకెళ్ళింది, అక్కకి చూపించడానికి కాబోలు.

మేకు మాత్రం సరిగ్గా మధ్యలో ఉంది.

నవంబరు 8, శనివారం

బొమ్మలు తీసుకునే మొదటి రోజు. పది గంటలకే మెట్ల దాకా క్యూ. నేను వెనక వైపు నుంచి కొలిచి అంకె చెప్పడం, టీచరు రిజిస్టరులో రాసి, వెనక నంబరు అంటించి, పేరు మీద కాగితం కప్పెయ్యడం. జడ్జికి నంబరు తప్ప మనిషి తెలియకూడదు.

పదకొండింటికి టేపు స్టూలు మీంచి పడింది, క్యూలో ఎవరో తొక్కేశారు. కొసనున్న కొక్కెం ఊడిపోయి, మొదటి రెండు సెంటీమీటర్లూ నలిగి అప్పడమయ్యాయి. కత్తెరతో ఆ ముక్క కత్తిరించేశాను. ఇప్పుడు టేపు రెండు దగ్గర మొదలవుతుంది. వచ్చిన అంకెలోంచి రెండు తీసేస్తే అసలు కొలత.

"కొత్తది కొనుక్కురండి బాబూ, పక్క వీధేగా" అంది సెక్రటరీ.

"రెండు తీసేయడం రానివాడు కొనుక్కోవాలి" అన్నాను.

టీచరు మాత్రం ప్రతి బొమ్మకీ "రెండు తీశారా అన్నయ్యా?" అని అడగందే రాయలేదు. స్కూలు పిల్లాణ్ణి అడిగినట్టు. విసుగొచ్చింది.

మధ్యాహ్నం రిటైరైన బస్సు డ్రైవరు గారు తన బొమ్మ తెచ్చారు. ఆయన ఏటా ఒకే మలుపు వేస్తారు. రోడ్డు, మలుపు, గుట్ట. రెండు తీసేశాక కూడా తొంభై ఒకటి వచ్చింది.

"ఒక్క సెంటీమీటరుకి బండి ఆపేస్తారా సార్? నేను ఇంతకన్నా ఇరుకు సందులో బస్సు దూర్చినవాణ్ణి."

"అయితే ఆ అరలో దూర్చండి" అన్నాను.

దూర్చబోయారు. పైచెక్కకి కొట్టుకుని ఆగిపోయింది. ఆయన కిందికి వెళ్ళి, వడ్రంగి దగ్గర రంపం అడిగి తెచ్చి, మెట్ల పక్కన కూర్చుని ఫ్రేము అంచు కోసుకున్నారు. ఐదుకి పది నిమిషాలుందనగా మళ్ళీ ఎక్కి వచ్చారు, మీసాల నిండా రంపప్పొట్టు. కొలిచాను. తొంభై. తీసుకున్నాను. వెళుతూ దండం పెట్టారు. వెటకారమో ఏమో తెలియలేదు. నియమం నియమమే.

నవంబరు 9, ఆదివారం

బొమ్మలు తీసుకోవడం ఇవాళే ఆఖరు, ఐదింటి దాకా. నాలుగున్నరకి కొరియరు వచ్చింది. టీచరు టీకి కిందికెళ్ళింది.

అట్టపెట్టె మీద చేతిరాత చూడగానే తెలిసింది. తన 'ళ' ఎప్పుడూ పక్క అక్షరం మీద వాలిపోతుంది.

ఫారం తీసి చదివాను. చిరునామా, అక్క ఇంటిది. తిరిగి పంపవలసిన చిరునామా, అదే. 'ప్రారంభోత్సవానికి వస్తారా' అన్నచోట 'వస్తాను'. 'ఎంతమంది' అన్నచోట 'ఒకరు'. నా గురించి ఎక్కడా ఏమీ లేదు. అలాంటి గడి ఫారంలో లేదు మరి.

వస్తాను అని రాసింది.

బొమ్మని బోర్లా పెట్టి కొలిచాను. తొంభై ఒకటి. మళ్ళీ కొలిచాను. తొంభై ఒకటి. చేతులు తుడుచుకుని మూడోసారి. తొంభై ఒకటే. అడ్డం అరవై ఆరు. నేనే రిజిస్టరులో రాసేశాను.

సెక్రటరీ వచ్చి చూసి, "ఇంకా అరగంట ఉంది. రంపం కిందే ఉంది. కోసెయ్యండి" అంది.

"సొంతదారు తప్ప ఇంకొకళ్ళు ఫ్రేము మీద చెయ్యి వేయకూడదు. నియమం."

"సొంతదారు మీ ఇంటావిడేగా!"

"అందుకే" అన్నాను. "నిన్న ఆ పెద్దాయన చేత మెట్ల మీద కూర్చుని కోయించాను. ఇవాళ మా ఆవిడదని నేనే కోసి పెడితే రేపు ఆయన మొహం ఎలా చూడను?"

ఈలోగా టీచరు టీ పట్టుకుని వచ్చింది. రిజిస్టరు చూసి ఏదో అడగబోయింది. రాసేశాను, దీనికి నంబరు అక్కర్లేదు, పెద్దది అన్నాను. ఊరుకుంది.

అక్కడే నిలబడి సెక్రటరీ ఫోన్ చేసింది. నేను బొమ్మకి గుడ్డ చుడుతున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

"ఏమంది?"

"సరే అంది. ఎవరు కొలిచారని అడిగింది. చెప్పాను. మళ్ళీ సరే అంది."

బొమ్మని స్టోరు గది మూలన, మొహం గోడవైపు తిప్పి ఆనించాను. దారిలో డ్రైవరు గారు కనపడితే, మా ఇంటి బొమ్మే తీసెయ్యాల్సి వచ్చిందండీ అని చెప్పాను. ఆయనకి తెలియాలి కదా. "అయ్యో" అన్నారు. మెచ్చుకుంటారనుకున్నాను.

నవంబరు 10, సోమవారం

మూడుసార్లు కొలిచాను.

నవంబరు 12, బుధవారం

జడ్జి వచ్చారు. పై ఊరు ఆయన, కాలేజీలో చిత్రలేఖనం చెప్తారట. మనిషి పొట్టి, నడక పెద్దది. అరవై మూడు బొమ్మలూ గోడ వెంబడి నేల మీద ఆనించాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని రెండుసార్లు తిరిగి వచ్చి, నంబర్లు చెప్పారు. ముప్పై ఎనిమిది ఎంపిక. డ్రైవరు గారి మలుపు కూడా ఉంది.

టీ తాగుతుంటే నన్ను అడిగారు: "వీటిలో మీకు ఏది నచ్చింది?"

ప్రతి బొమ్మ పొడవూ వెడల్పూ ఒప్పజెప్పగలను. ఏ బొమ్మలో ఏముందో ఒక్కటీ గుర్తు లేదు. మలుపు, అన్నాను. అదొక్కటే తెలుసు.

స్టోరు గదిలోది అరవై నాలుగోది. దానిలో ఏముందో కూడా తెలియదు. చూడటం నా పని కాదు కాబట్టి చూడలేదు.

నవంబరు 16, ఆదివారం

బొమ్మలు తగిలించడం. నేల నుంచి ప్రతి బొమ్మ నడుమూ నూట యాభై దగ్గర ఉండాలి. దారం కట్టి, మట్టం పెట్టి, ముప్పై ఎనిమిదీ ఐదు గంటల్లో పూర్తి. ఒక్కటి కూడా రెండోసారి ముట్టుకోలేదు. వెనక్కి వెళ్ళి చూస్తే కడిగిన ముత్యంలా ఉంది హాలు.

అందరూ కబుర్లాడుకుంటూ వెళ్ళిపోయారు. చెప్పుకోవాలనిపించింది ఎవరికైనా, ఐదు గంటల్లో అని. ఇంటికొచ్చి తాళం తీసి లైటు వేశాను. రెండు కప్పుల నీళ్ళు పొయ్యి మీద పెట్టి, ఒక కప్పు పారబోశాను.

నవంబరు 19, బుధవారం

తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను. ఫారంలో వస్తాను అని రాసిన మనిషి బొమ్మ లేనంత మాత్రాన రాకపోదు. పాత సభ్యురాలు, స్నేహితులు ఉన్నారు ఇక్కడ.

నవంబరు 22, శనివారం

ప్రారంభోత్సవం.

నేను తలుపు దగ్గరే ఉన్నాను. చెప్పులు చిందరవందరగా పడకుండా ఎవరో ఒకరు చూడాలి. మధ్యాహ్నం బస్సు నాలుగుంబావుకి వస్తుంది, అక్కడి నుంచి నడిచినా పావుగంట. తరవాతిది ఐదూ ముప్పావుకి.

జనం బాగా వచ్చారు. డ్రైవరు గారు మనవరాళ్ళని బొమ్మ ముందు నిలబెట్టి, మలుపులో ఎక్కడ హారన్ కొట్టాలో చెప్తున్నారు. పిల్లలు నిజంగానే కొట్టారు. హాలంతా నవ్వులు. టీచరు వచ్చి, "లోపలికి రండి అన్నయ్యా, ఎంతసేపు ఇలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతారు?" అంది. చెప్పులు అన్నాను.

ఏడింటికి ముగిసింది. ఆఖరి జత చెప్పులు నావే.

నవంబరు 23, ఆదివారం

మోకాలు ఇంకా తగ్గలేదేమో.

నవంబరు 25, మంగళవారం

ఇవాళ హాలు కాపలా నా వంతు. పొద్దుట్నుంచి వచ్చింది ఇద్దరే, వాళ్ళూ లైబ్రరీ అనుకుని ఎక్కారు. ఏమీ తోచక గాజు తుడుద్దామని గుడ్డ కోసం స్టోరు గదికి వెళ్ళాను.

మూల ఖాళీగా ఉంది. ఊడ్చే ఆమె మూలన తడిగుడ్డ పెట్టుకోవడానికి అడ్డం అనుకుని తన బొమ్మ తీసి అరలో దోపింది.

అరలో దోపింది.

నిలువుగా నిలబడి ఉంది. పైన వేలు దూరేంత సందు కూడా ఉంది. వేలు పెట్టి చూశాను. దూరింది. బొమ్మని బయటికి లాగి మళ్ళీ తోశాను. తొంభై అరలోకి తొంభై ఒకటి వెళ్ళదు. నేను చేయించిన అర అది. డ్రైవరు గారిది వెళ్ళలేదు, నా కళ్ళారా చూశాను.

హాలుకి తాళం పెట్టి పక్క వీధికి వెళ్ళి కొత్త టేపు కొన్నాను. ఎనభై తొమ్మిది. అడ్డం అరవై నాలుగు.

మూడుసార్లు కొలిచి మూడుసార్లూ రెండు తీయడం మర్చిపోయాను. టీచరు ఏం అడగబోయిందో ఇప్పుడు తెలుసు. ఆమె నోరు తెరిస్తే నేను మూయించాను.

గోడ మీదవి, అరలోవి, అన్నీ మళ్ళీ కొలిచాను. సాయంత్రమైంది. అరవై మూడూ సరిగ్గా ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని వాళ్ళవి అరవై మూడు సరిగ్గా కొలిచి, తనది ఒక్కటి తప్పు కొలిచాను.

తరవాత గుడ్డ విప్పాను.

మా ముందు గది. సోఫా పక్కకి జరిపి ఉంది. స్టూలు మీద మగమనిషి, వీపు ఇటు. ఒక చేతిలో మట్టం, నోట్లో మేకు ఉందని దవడ చూస్తే తెలుస్తుంది. ఎదురుగా ఉత్త గోడ. కింద నేల మీద ఒక బొమ్మ గోడవైపు మొహం తిప్పి ఆనించి ఉంది, దాని వెనక చెక్కే కనిపిస్తోంది. గదంతా బూడిద రంగు. ఆ మనిషి మెడ మీద మాత్రం ఎండ పడుతోంది. చొక్కా కాలరు ఒక పక్క లోపలికి మడిచి ఉంది.

నేనే. తను వెనక నిలబడి చూసినప్పటి నేను. ఆ రోజు నాకు తెలిసింది తను ఏమీ అనలేదని మాత్రమే. తనేమో నా మెడ మీద ఎండ చూసింది.

చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. కాలరు మడిచే ఉంది. పెళ్ళయినప్పట్నుంచి నేను గడప దాటుతుంటే తను వెనక నుంచి సరిచేసేది. జూలై నుంచి ఇలాగే తిరుగుతున్నానన్నమాట. ప్రారంభోత్సవం రోజు కూడా.

నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. రాస్తే పోయేదేముంది.

నవంబరు 26, బుధవారం

సెక్రటరీతో చెప్పాను. తిడుతుందనుకున్నాను. కుర్చీ లాగి కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది.

జడ్జికి ఫోన్ చేస్తే, "చూడని బొమ్మకి నేనేం చెప్పనండీ" అన్నారట. న్యాయమే. అప్పుడు సెక్రటరీయే, పోటీకి బయట, తలుపు పక్కన పెడదాం, 'కొలతలో మా పొరపాటు వల్ల ఎంపికకు వెళ్ళలేదు' అని చీటీ రాద్దాం, ఇంకా నాలుగు రోజులుంది కదా అంది. 'మా' కాదు, 'టేపు పట్టినవాడి' అని రాయండి అన్నాను. కానీ తన అనుమతి కావాలి. మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి నేను మెట్ల మీద నిలబడ్డాను.

"వద్దంది" అని వచ్చి చెప్పింది. "అక్కర్లేదండీ, ఉంచండి, ఒకటో తారీఖున ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తారు అంది."

"గొంతు ఎలా ఉంది?"

"మామూలుగానే ఉంది."

"నా గురించి..."

"లేదు" అంది. సూది లాగేసినట్టు ఒక్క మాటలో. మంచిదే.

నవంబరు 27, గురువారం

ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చించి ఐదోది పోస్టు చేశాను. రెండు పేజీలు. టేపు ఎప్పుడు తెగింది, ఎంత తెగింది, టీచరు ఎందుకు లేదు, తొంభై ఒకటి ఎలా వచ్చింది, అంతా వివరంగా. అర్థం కావడానికి టేపు కొస బొమ్మ కూడా గీశాను. తప్పు నాదేనని రెండు చోట్ల రాశాను.

నవంబరు 29, శనివారం

పోస్టుమేన్ ఇటు రాలేదు.

వదిన, అదే తన అక్క, మోకాలికి ఆగస్టులోనే కుట్లు విప్పేశారు. నాకు తెలుసు. ఫోన్లో విన్నాను కూడా. తను వెళ్ళింది మోకాలి కోసం కాదు. రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

డిసెంబరు 1, సోమవారం

బొమ్మలు తిరిగి ఇచ్చేసే రోజు. పదింటికే బల్ల వేసుకుని కూర్చున్నాం. వస్తున్నవాళ్ళ అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.

పన్నెండింటికి మా తోడల్లుడు వచ్చాడు. వదిన భర్త. భారీ మనిషి, మెట్లు ఎక్కేసరికి రొప్పు.

"ఏం తమ్ముడూ, మేడ మీద తప్ప ఇంకెక్కడా బొమ్మలు నిలబడవా?"

"కూర్చోండి అన్నయ్యగారూ. వదిన మోకాలు ఎలా ఉంది?" నోటికి అదే వచ్చింది.

"మోకాలా! ఆ మోకాలితో ఇంట్లో అందర్నీ పరిగెత్తిస్తోంది. మూణ్ణెల్లయింది కర్ర పారేసి."

టీచరు తల వంచుకుని రిజిస్టరులో ఏదో రాసుకుంటోంది. రాయడానికి ఏమీ లేదు అక్కడ. నేను ఆయన్ని స్టోరు గదిలోకి తీసుకెళ్ళాను.

"నీ ఉత్తరం అందింది" అన్నాడు. "టేపు బొమ్మ కూడా గీశావటగా. మా మరదలు చదివి, మడిచి, గదిలోకి వెళ్ళింది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు, అబద్ధమెందుకు."

"నాదే తప్పు అన్నయ్యగారూ."

"అది సరేలే. ఈ ఫ్రేము కోసం నేను వడ్రంగి చుట్టూ రెండుసార్లు తిరిగాను, తెలుసా? మొదట వాడు సరిగ్గా తొంభై కట్టాడు. సరిపోతుంది కదమ్మా, నియమం తొంభయ్యే కదా అన్నాను. కాదు బావా, అక్కడ కొలిచేది ఆయన, నా రాత చూసి ఆయన చెయ్యి తడబడుతుంది, ఒక సెంటీమీటరు తగ్గించి కట్టించు, ఆయనకి ఇబ్బంది ఉండకూడదు అంది. ఆ ఉత్త ఫ్రేము మళ్ళీ మోసుకెళ్ళాను. ఇరవై రెండో తారీఖుకి బస్సు టికెట్టు కూడా నేనే తీసుకొచ్చి ఇచ్చాను. మీ సెక్రటరీ ఫోన్ వచ్చాక, రెండు వారాల ముందే సర్దుకున్న సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసుకుంది."

నా చెయ్యి తడబడుతుందని తనకి ముందే తెలుసు. నా కోసం ఒక సెంటీమీటరు వదిలిపెట్టింది. నేను రెండు మింగాను.

ఆయన పాపం పక్కనున్న డబ్బా మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"ఇంకో మాట అడగమంది. నాకు బోధపడలేదు గానీ, అడుగుతాను. నీ ఉత్తరం రెండు పేజీల్లో బొమ్మ గురించి ఒక్క ముక్క లేదట. అసలు ఆయన చూశాడా లేదా కనుక్కో బావా అంది. చూసి ఉంటే బొమ్మ అక్కడే ఉంచెయ్యి, చూడకపోతే పట్టుకొచ్చెయ్యి అంది."

"చూశాను."

"చూశానంటే కాదటయ్యా. ఏం చూశాడో చెప్పించుకో అంది. నేనేమో పెట్టెలో ఉండగానే మోశాను, నాకూ తెలియదు. చెప్పు మరి."

"నేనే, స్టూలు మీద. వెనక నుంచి. తన బొమ్మ కింద పెట్టేశాను. మెడ మీద ఎండ పడుతోంది. కాలరు ఎడమ పక్క లోపలికి మడిచి ఉంది."

ఆయన లేచి అరలోంచి బొమ్మ లాగి, గుడ్డ తీసి, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. బొమ్మని చూశాడు, నన్ను చూశాడు, నా వెనక్కి వచ్చి మళ్ళీ చూశాడు.

"ఇప్పుడూ అలాగే ఉందయ్యా" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. ఆయన బొమ్మని నా చేతికిచ్చాడు. కిందికి దిగేటప్పుడు మెట్ల మధ్యలో అడిగాను, తను వస్తుందా అని.

"అది చెప్పలేదు తమ్ముడూ." ఒక మెట్టు దిగి ఆగాడు. "రానని కూడా చెప్పలేదు. లేనిది కల్పించి చెప్పడం నాకు చేతకాదు."

బస్సెక్కించి వచ్చాను. రిజిస్టరులో 'అందినది' అన్నచోట నేను సంతకం పెట్టాను. కొలత గడి దగ్గర టీచరు పాత అంకె కొట్టేసి, ఎనభై తొమ్మిది అని ముత్యంలా రాసింది. "రెండు తీశానన్నయ్యా" అంది మెల్లగా.

డిసెంబరు 2, మంగళవారం

పొద్దున్నే సోఫా జరిపాను. గోడ మీద పూడ్చిన రంధ్రం కోసం వెతికాను. నా పనితనం అంత బాగుంది, కనిపించలేదు. వేలితో తడిమితే ఒకచోట నున్నగా తగిలింది. గోరుతో రంగు గీకి, పుట్టీ తవ్వి తీశాను. తన మేకు డబ్బాలో దాచే ఉంది. అదే కొట్టాను.

బొమ్మ తగిలించి వెనక్కి నడిచాను. ఎడమకి ఉంది. కొంచెం వాలినట్టు కూడా ఉంది. మట్టం పెట్టలేదు. కిటికీలోంచి ఎండ వచ్చి తిన్నగా దాని మీదే పడింది. మధ్యలో పెట్టి ఉంటే కుడి అంచు నీడలో ఉండిపోయేది. తను ఆ చోటు ఎందుకు ఎంచుకుందో ఐదు నెలలకి తెలిసింది.

ఇంట్లో ఎవరూ లేరు చెప్పడానికి. ఈ పుస్తకంలోంచి ఒక కాగితం చించి ఉత్తరం రాస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నరకి నీ బొమ్మ మీద ఎండ పడింది, అని మొదలుపెట్టాను.